"ఆయన బదిలీ అయిపోయారు, ఇప్పుడెలా?": బడుల్లో, సంస్థల్లో అనుభవాన్ని నిలుపుకోవడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

కావలి నుంచి కనిగిరి దాకా ఏ స్టాఫ్ రూములో కూర్చున్నా, ఏ ఆఫీసులో వాకబు చేసినా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "అది ఆయనకే తెలుసండీ." ఆ ఆయన సెలవులో ఉంటారు, లేదా బదిలీ అయి ఉంటారు, లేదా రిటైరై మనవళ్లతో ఉంటారు. ఉపాధ్యాయులు, పొదుపు సంఘాల లెక్కలు రాసేవారు, రొయ్యల చెరువుల మేనేజర్లు, గ్రానైట్ యూనిట్ల సూపర్‌వైజర్లు వేర్వేరు చోట్ల అవే సందేహాలు అడుగుతుండటంతో జవాబులను ఇక్కడ కూర్చాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## మొదలుపెట్టే ముందు

మా దగ్గర అన్ని రిజిస్టర్లూ ఉన్నాయి. జ్ఞాన నిర్వహణ అని కొత్తగా చేయాల్సింది ఏముంది?

రిజిస్టరు జరిగిన పనిని నమోదు చేస్తుంది. ఆ పని అలాగే ఎందుకు చేశారో చెప్పదు. బడి క్యాష్ బుక్కులో "మోటారు మరమ్మతు" అని ఒక ఖర్చు ఉంటుంది. ఏప్రిల్ వచ్చేసరికి బోరులో నీళ్లు తగ్గి మోటారు ఉత్తినే తిరుగుతుందని, ఆ నెలల్లో అరగంటకు మించి వేయకూడదని అందులో ఉండదు. అది తెలిసిన అటెండరు వెళ్లిపోతే వచ్చే వేసవిలో మోటారు మళ్లీ కాలుతుంది, క్యాష్ బుక్కులో మళ్లీ అదే పద్దు పడుతుంది. పేరు ఎంత పెద్దదైనా చేసే పని ఇంతే: పద్దు వెనుక ఉన్న కారణం మనిషితోపాటు వెళ్లిపోకుండా చూడటం. మీకు ఈ అవసరం ఉందో లేదో తేల్చుకోవాలంటే, ఫలానా వ్యక్తి పది రోజులు ఫోను ఎత్తకపోతే ఏయే పనులు ఆగుతాయో ఒక కాగితం మీద రాసి చూడండి.

మా పొగాకు బ్యారన్ (ఆకును వేడితో ఎండబెట్టే గది) మేస్త్రీకి తెలిసింది కాగితం మీద పెట్టడం అసలు సాధ్యమేనా?

కొంత సాధ్యం, కొంత కాదు. కందుకూరు, కొండపి వైపు వర్జీనియా పొగాకు కాల్చే పద్ధతినే చూడండి. ఆకు పసుపు తిరిగేదాకా తక్కువ వేడి, ఎక్కువ తేమ. తర్వాత ఆ రంగు నిలబడేలా క్రమంగా వేడి పెంచడం. చివరికి ఈనె ఎండేదాకా దాదాపు 160 డిగ్రీల ఫారన్‌హీట్. ఈ వరుసంతా ఒక కాగితం మీద రాసి బ్యారన్ తలుపుకు అంటించవచ్చు. కానీ ఆకు తగినంత పసుపు తిరిగిందా, ఇప్పుడే వేడి పెంచితే పచ్చదనం అలాగే బిగుసుకుపోతుందా అన్నది మేస్త్రీ ఆకును చేత్తో తడిమి తేలుస్తాడు. వానలకు పెరిగిన ఆకు, నీటి ఎద్దడిలో పెరిగిన ఆకు ఒకేలా కాలవు. ఈ రెండో రకం తెలివి కాగితానికి లొంగదు. కొత్త మనిషిని ఒక సీజనంతా మేస్త్రీ పక్కన ఉంచి, ప్రతి నిర్ణయం దగ్గర "ఇప్పుడే ఎందుకు?" అని అడగనివ్వాలి. ఆ జవాబుల్లో మాటలకు అందినవాటిని సీజను చివర తలుపు మీది కాగితంలో చేర్చండి.

శిక్షణలో ఏదో నాలుగు దశల నమూనా చెప్పారు. అది మనకు పనికొస్తుందా?

ఇకుజిరో నొనాకా, హిరొటాకా తాకెయుచి అనే జపాన్ పండితులు 1995లో పుస్తకంగా వివరించిన నమూనా అయి ఉంటుంది. పక్కన ఉండి నేర్చుకోవడం, నేర్చుకున్నదాన్ని మాటల్లో పెట్టడం, వేర్వేరు చోట్ల రాసినవాటిని కలపడం, చదివినదాన్ని చేసి చూసి సొంతం చేసుకోవడం అన్నవి ఆ నాలుగు. ఆలోచన గట్టిదే. అయితే అది ఎక్కువగా జపాన్ తయారీ కంపెనీలను చూసి అల్లినది. ఉద్యోగి ఏళ్ల తరబడి ఒకేచోట ఉంటాడన్న నమ్మకం దాని వెనుక ఉంది. బదిలీలు మామూలైన మన బడుల్లో అంత తీరిక ఉండదు. పైగా మనవాళ్లు మూడో దశ దగ్గర, అంటే కాగితాలన్నీ కలిపి ఫైలు కట్టడం దగ్గర, పని పూర్తయిందనుకుంటారు. కొత్తగా వచ్చినవారు ఆ ఫైలు చూసి పని చేయగలిగారా అన్నది ఎవరూ చూడరు.

మా దగ్గర పదిమందే ఉన్నారు. ఇది పెద్ద కంపెనీల వ్యవహారం కాదా?

పెద్ద కంపెనీలో ఒక పని నలుగురికి తెలిసి ఉంటుంది. మీ దగ్గర ఒక్కరికే తెలుసు. నష్టం మీకే ఎక్కువ.

ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి?

మొదటి ఆరు నెలలు ఏదీ కొనవద్దు. ఒక నోటు పుస్తకం, ఒక ఫోను, అందరూ తెరవగలిగే ఒక ఉచిత డ్రైవ్ ఫోల్డరు చాలు. ఆరు నెలల తర్వాత కూడా మీరు రాస్తూనే ఉంటే, వెతకడం కష్టమయ్యేంత సరుకు పోగైతే, అప్పుడు ఆలోచించవచ్చు. సాఫ్ట్‌వేర్ అమ్మేవారు ఈ మాట ఒప్పుకోరు.

అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

ఎక్కువ మంది ఎవరి దగ్గరికి సందేహాలతో వెళుతున్నారో ఆ మనిషి దగ్గర. ఒక వారంపాటు తనను ఎవరు ఏం అడిగారో ఆయననే ఒక్కో ముక్కలో రాసి ఉంచమనండి. శనివారం చూస్తే ఆ జాబితాలో మళ్లీ మళ్లీ వచ్చిన ప్రశ్నలు తేలతాయి. "యూడైస్ (బడుల గణాంకాల) వివరాల్లో ఈ గడి ఎలా నింపాలి?", "టీసీలో పుట్టిన తేదీ తప్పుంటే ఎవరికి రాయాలి?" లాంటివి. ముందు వాటికి జవాబులు రాయండి. రోజూ విసిగిస్తున్న ప్రశ్న తగ్గితే ఆయనకూ ఉత్సాహం వస్తుంది. సంస్థ మొత్తానికి ఒకేసారి పథకం వేసినచోట అది పథకంగానే మిగిలిపోవడం చూశాను.

## అనుభవం ఉన్నవారి నుంచి సేకరించేటప్పుడు

మా సీనియర్ అసిస్టెంట్ వచ్చే నెల రిటైర్ అవుతున్నారు. ఈ కొద్ది రోజుల్లో ఏం చేయగలం?

"మీకు తెలిసిందంతా రాసివ్వండి" అని మాత్రం అనవద్దు. ముప్పై ఏళ్ల పనిని ఎక్కడినుంచి మొదలుపెట్టాలో ఆయనకూ తోచదు. మర్యాదకు రెండు పేజీలు రాస్తారు, అందులో అందరికీ తెలిసినదే ఉంటుంది. దానికి బదులు గోడ క్యాలెండరు తీసుకుని పక్కన కూర్చోండి. జూన్‌లో ఏం చేస్తారు, జులైలో ఏ నివేదిక వెళ్లాలి, మార్చి చివర ఏ బిల్లు ఆగిపోతుంది అని నెల నెలా నడిపించండి. ప్రతి నెల దగ్గరా "ఇది ఎప్పుడైనా తేడా వచ్చిందా?" అని అడిగితే అసలు సరుకు బయటపడుతుంది. తర్వాత ఆయన మాట్లాడే మనుషుల సంగతి: ట్రెజరీలో ఏ పనికి ఏ సీటు, ఏ కాగితం ముందు చూపాలి, ఏది పోస్టులో పంపితే చాలు. చివరి వారంలో కుర్చీలు మార్చండి. కొత్తవారు పని చేయాలి, ఆయన పక్కన కూర్చుని చూడాలి. తప్పు జరగబోతున్నప్పుడు ఆయన నోటి నుంచి వచ్చే "ఆగండి ఆగండి" తర్వాతి మాటలను వెంటనే రాసుకోండి. ఈ నెలలో అన్నీ రావు. రిటైరయ్యాక కూడా అప్పుడప్పుడు ఫోను చేయవచ్చా అని ముందే అడిగి ఉంచండి, చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు.

"ఆయన చెప్పరండీ. చెబితే తన విలువ తగ్గుతుందని భయం." ఏం చేయాలి?

ఆ భయాన్ని తప్పుపట్టకండి, చాలాచోట్ల దానికి కారణం ఉంటుంది. కాంట్రాక్టు మీద పనిచేసే మనిషికి ఆ కిటుకు ఒక్కటే భరోసా. అది రాయించుకుని మూడు నెలల తర్వాత తక్కువ జీతానికి ఇంకొకరిని పెట్టుకున్న యాజమాన్యం గురించి ఊరంతటికీ తెలుస్తుంది. తర్వాత అక్కడ ఎవరూ నోరు విప్పరు. చెప్పినందుకు ఉద్యోగానికి ముప్పు రాదని యజమాని నలుగురి ముందు అనాలి, అన్నమాట మీద నిలబడాలి. రాసిన కాగితం మీద చెప్పినవారి పేరు ఉండాలి. కొత్తవారికి నేర్పడాన్ని ఆ వ్యక్తి పనిలో భాగంగా గుర్తించి ఆ మేరకు మిగతా భారం తగ్గించాలి. ఇవేవీ చేయకుండా "మనమంతా ఒకే కుటుంబం" అని ఉపన్యాసమిస్తే వినేవాళ్లకు నవ్వొస్తుంది.

ఏమని అడిగితే అసలు విషయం చెబుతారు?

"ఎలా చేస్తారు?" అంటే పుస్తకంలో ఉన్న వరుసే చెబుతారు. "ఈ పనిలో కొత్తవాళ్లు ఎక్కడ పప్పులో కాలేస్తారు?" అని అడగండి. "నియమం ప్రకారం కాకుండా చేయాల్సి వచ్చిన రోజు ఏదైనా ఉందా?", "ఏది కనిపిస్తే మీకు అనుమానం వస్తుంది?", "మీరు లేనప్పుడు ఈ పని ఎవరికి అప్పగిస్తారు, ఎందుకు?" లాంటివి బాగా పనిచేస్తాయి. అడిగేవారు ఆ పని కొత్తగా నేర్చుకుంటున్న మనిషైతే మేలు. పై అధికారి అడిగితే జవాబు సంజాయిషీలా వస్తుంది.

ఫోనులో వీడియో తీసి పెడితే చాలదా?

చేతిపనికి వీడియో చాలా మంచిది. చీమకుర్తి గ్రానైట్ దిమ్మను సుత్తితో తట్టి, మోగే తీరును బట్టి లోపల పగులుందో లేదో చెప్పే పెద్దవాళ్లున్నారు. ఆ శబ్దాల తేడాను ఏ వాక్యమూ చెప్పలేదు. మంచి దిమ్మనొకటి, పగులున్నదొకటి తట్టించి పక్కపక్కనే రికార్డు చేస్తే రెండు నిమిషాల్లో తెలుస్తుంది. అయితే గంటసేపు తీసిన వీడియోను ఎవరూ చూడరు. ఒక వీడియోలో ఒకే పని ఉండాలి, మూడు నిమిషాలు దాటకూడదు. ముఖం కన్నా చేతులు కనిపించడం ముఖ్యం. మొదట్లోనే పని పేరు, తేదీ నోటితో చెప్పించండి.

చదవడం రాయడం అంతగా రానివాళ్లు మా దగ్గర ఎక్కువ. వాళ్లను ఎలా కలుపుకోవాలి?

ఈ విషయంలో నెల్లూరు జిల్లా ఇంకొకరి దగ్గర నేర్చుకోవాల్సిన పని లేదు. 1990ల ఆరంభంలో అక్షరాస్యత కేంద్రాల్లో రాత్రిపూట కూడిన ఆడవాళ్లు వాచకంలోని సారా కష్టాల పాఠం చదివి, అది తమ ఇంటి సంగతేనని మాట్లాడుకున్నారు. 1992లో దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమానికి ఆ కూడికలు ఊపిరి పోశాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ కదలిక నుంచే పొదుపు లక్ష్మి సంఘాలు పుట్టుకొచ్చాయి. అక్కడ ముందు పంచుకున్నది మాట, రాత వెనుక వచ్చింది. మీరూ అలాగే చేయండి. పని ముగిశాక పావుగంట కూర్చుని ఒకరు చెబితే మిగిలినవారు వినాలి, చదువు వచ్చిన ఒకరు రాసి అక్కడే పైకి చదివి వినిపించాలి. "నేనన్నది అది కాదమ్మా" అనే అవకాశం వాళ్లకు ఉండాలి.

## రాసి దాచేటప్పుడు

ఎంత వివరంగా రాయాలి?

ఒక విషయానికి ఒక పేజీ. ఎవరు చెప్పారు, ఎప్పుడు రాశారు, ఏం చేయాలి, ఎందుకు చేయాలి. నాలుగోది లేని కాగితం కొన్నాళ్లకు మూఢాచారంగా మారుతుంది. "తెల్లవారుజామున అన్ని ఏరేటర్లూ (నీటిలోకి గాలి ఎక్కించే యంత్రాలు) ఆడాలి" అని చెరువు గట్టు మీద రాసి ఉంటే, కరెంటు బిల్లు చూసి భయపడ్డ కొత్త మేనేజరు కొన్నిటిని ఆపేస్తాడు. "రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది కాబట్టి సూర్యోదయానికి ముందు నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, రొయ్య తేలిపోతుంది" అని రాస్తే ఆపడు. కారణం తెలిసినవాడే సందర్భాన్ని బట్టి నియమాన్ని సరిగ్గా మార్చుకోగలడు కూడా.

తెలుగులో రాయాలా, ఇంగ్లిషులోనా?

పని చేసే మనిషి ఏ భాషలో ఆలోచిస్తే ఆ భాషలో. మీరు రోజూ ఏరేటర్, చలానా, చెక్ ట్రే అంటారు కాబట్టి అవే రాయండి. నిఘంటువు వెతికి కొత్త మాటలు పెట్టవద్దు. ఆడిటర్ కోసం ఇంగ్లిషు ప్రతి కావాలంటే తర్వాత విడిగా చేసుకోవచ్చు.

పాత ఫైళ్లన్నీ అను ఫాంట్లలో ఉన్నాయి. కంప్యూటర్లో వెతికితే ఒక్కటీ దొరకడం లేదు. ఎందుకు?

డీటీపీ కోసం పుట్టిన ఆ ఫాంట్లు తెలుగు అక్షరాన్ని తెలుగుగా దాచవు. ఇంగ్లిషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలను కూర్చి చూపిస్తాయి. తెర మీద మనకు "హాజరు" కనిపిస్తుంది, కంప్యూటరుకు మాత్రం అర్థంలేని ఇంగ్లిషు గుర్తుల వరుస కనిపిస్తుంది. అందుకే వెతికితే దొరకదు. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే అంతా గజిబిజి. యూనికోడ్‌లో అయితే తెలుగుకు సొంత స్థానాలున్నాయి, ఫోనులో టైపు చేసినా ఆఫీసు కంప్యూటరులో టైపు చేసినా అవే అక్షరాలు.

చేయాల్సింది రెండు పనులు. ఇవాళ్టి నుంచి కొత్తవన్నీ యూనికోడ్‌లోనే టైపు చేయండి. మండలి, రామభద్ర, గిడుగు లాంటి ఉచిత ఫాంట్లతో అచ్చుకూ అందంగానే ఉంటాయి. పాతవాటిలో నిజంగా వాడేవాటిని మాత్రం కన్వర్టరుతో మార్చి, ఒత్తులు, అంకెలు ఒకసారి కళ్లతో సరిచూడండి. మిగిలినవాటిని పీడీఎఫ్‌గా దాచి, ఫైలు పేరు మాత్రం వెతికేందుకు వీలుగా పెట్టండి. పాతవన్నీ మార్చాకే కొత్తది మొదలుపెడతామంటే ఎప్పటికీ మొదలుకాదు.

అన్నీ వాట్సాప్ గ్రూపులో ఉన్నాయి. అది చాలదా?

అడగడానికి గ్రూపు మంచి చోటు. దాచడానికి కాదు. శుభోదయాలు, పుట్టినరోజు శుభాకాంక్షల మధ్య మంచి జవాబు రెండు రోజుల్లో అడుగున పడిపోతుంది. తర్వాత చేరినవారికి పాత సందేశాలు మామూలుగా కనిపించవు. ఫోను మారిస్తే మనవి కూడా పోవచ్చు. గ్రూపులో ఎవరైనా పనికొచ్చే జవాబిస్తే ఆ వారంలోనే దాన్ని ఫోల్డరులోకి ఎక్కించే బాధ్యత ఒకరికి ఇవ్వండి. నెలకొకరు చొప్పున వంతులు వేసుకుంటే ఎవరికీ బరువు కాదు.

ఫైళ్లకు పేర్లు ఎలా పెట్టాలి?

ముందు సంవత్సరం, నెల, తర్వాత విషయం: "2025-06 మధ్యాహ్న భోజనం బిల్లు విధానం". "కొత్తది", "ఫైనల్", "ఫైనల్ 2" అన్న పేర్లు పెట్టినవారికి తప్ప ఎవరికీ ఉపయోగపడవు. కొన్నాళ్లకు వారికీ పడవు.

మాది వరదలు, తుపానులు వచ్చే ప్రాంతం. కాగితాలు ఎలా కాపాడుకోవాలి?

2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి. అలాంటి నీటికి బీరువా తలుపులు ఏపాటి అడ్డు? ముఖ్యమైన రిజిస్టర్లు బీరువా కింది అరలో ఉండకూడదు. అడ్మిషన్ రిజిస్టరు, తీర్మానాల పుస్తకం లాంటివి ఏటా ఒకసారి పేజీ పేజీ ఫోటో తీసి, ఒక ప్రతి ఆన్‌లైన్‌లో, ఒకటి వేరే భవనంలోని పెన్‌డ్రైవ్‌లో ఉంచండి. తడిసిన పుస్తకాన్ని మండుటెండలో పెట్టవద్దు. పేజీల మధ్య తెల్ల కాగితాలు ఉంచి నీడలో ఫ్యాను గాలికి ఆరబెట్టాలి.

పిల్లల వివరాలు, ఫోటోలు అందరికీ కనిపించే ఫోల్డరులో పెట్టవచ్చా?

పెట్టకూడదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని పిల్లలుగానే చూస్తుంది, వారి సమాచారానికి తల్లిదండ్రుల లేదా సంరక్షకుల సమ్మతి కోరుతుంది. బోధన అనుభవం పంచుకోవడానికి పిల్లవాడి పేరు అక్కర్లేదు. "ఆరో తరగతిలో భిన్నాల దగ్గర ఆగిపోయిన ఒక అబ్బాయి" అంటే సరిపోతుంది. కులం, ఆరోగ్యం, ఇంటి గొడవలు అసలే రాయవద్దు.

నేను ఇంటి దగ్గర కూర్చుని తయారుచేసిన వర్క్‌షీట్లు నావా, బడివా?

1957 నాటి కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగ విధుల్లో భాగంగా చేసినదానిపై మొదటి హక్కు యజమానిది. మీరు విధుల్లో భాగంగా చేశారా, విడిగా చేశారా అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది, ఇంటి దగ్గర చేశారా బడిలో చేశారా అన్నదాన్ని బట్టి కాదు. ఆచరణలో ఇంత తగువు రాకూడదంటే, ప్రతి వర్క్‌షీటు అడుగున తయారుచేసినవారి పేరు ఉంచి ఎవరైనా వాడుకోవచ్చని రాయండి. ఇక అచ్చు పుస్తకాల మాట: బోధనలో భాగంగా ఉపాధ్యాయులు, విద్యార్థులు నకలు తీసుకోవడాన్ని 52వ సెక్షన్ అనుమతిస్తుంది. దాన్ని అడ్డుపెట్టుకుని గైడు మొత్తం స్కాన్ చేసి గ్రూపుల్లో పంచవద్దని నా సలహా.

## బడుల్లో పంచుకునేటప్పుడు

స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు సంతకాలు, టీతోనే ముగుస్తున్నాయి. ఎలా మార్చాలి?

దగ్గరి బడులన్నీ ఒక జట్టుగా వనరులనూ అనుభవాన్నీ పంచుకోవాలన్న ఆలోచన 1964-66 నాటి కొఠారీ కమిషన్‌ది. 2020 జాతీయ విద్యావిధానం దాన్నే మళ్లీ ముందుకు తెచ్చింది, టీచర్లకు ఏటా 50 గంటల వృత్తిపరమైన శిక్షణ కూడా ఉండాలంది. కాగితం మీది ఆశయానికి ఏ లోటూ లేదు. సమావేశంలో పైనుంచి వచ్చిన సూచనలు చదవడానికే పొద్దు గడిచిపోవడం అసలు చిక్కు.

సూచనలను ముందురోజే గ్రూపులో పెట్టేయండి. సమావేశంలో మొదటి గంట ఒకే పాఠానికి కేటాయించండి, వచ్చే నెల చెప్పబోయే పాఠమైతే మరీ మంచిది. ప్రతి టీచరూ పిల్లల నోటు పుస్తకాలు రెండు తేవాలి: ఒకటి బాగా చేసినది, ఒకటి తప్పులున్నది. టేబుల్ మీద పిల్లల తప్పులు కనిపిస్తుంటే ఉపన్యాసాలు వాటంతటవే తగ్గుతాయి. ఆ తప్పుకు ఎవరి బడిలో ఏ ఉపాయం పనిచేసిందో ఒకరు రాసుకుని ఒక పేజీగా అందరికీ పంపాలి. ఈ పేజీ రాకపోతే ఆ నెల సమావేశం జరగలేదనే లెక్క.

తోటి టీచరు పాఠం చూడటానికి వెళితే తనిఖీకి వచ్చినట్టు ముఖం పెడతారు. ఎలా?

జపాన్ బడుల్లో వందేళ్లకు పైగా నడుస్తున్న పాఠ అధ్యయనం పద్ధతిలో దీనికి మంచి ఉపాయం ఉంది. ముగ్గురు నలుగురు టీచర్లు కలిసి పాఠం తయారుచేస్తారు, ఒకరు చెబుతారు, మిగిలినవారు పిల్లలను గమనిస్తారు, టీచరును కాదు. ఏ పిల్ల ఎక్కడ ఆగింది, ఏ ప్రశ్నకు కళ్లు వెలిగాయి అని రాసుకుంటారు. పాఠం అందరిదీ కాబట్టి అది తప్పినా ఒక్కరి మీద పడదు. మీ బడిలో మొదటిసారి హెచ్‌ఎం పాఠం చెప్పి, జూనియర్లు గమనించడానికి కూర్చుంటే సగం బెరుకు పోతుంది.

మాది ఏకోపాధ్యాయ పాఠశాల. పంచుకుందామన్నా ఎవరున్నారు?

పక్క ఊరి ఏకోపాధ్యాయులు ఇద్దరితో వారానికొక ఫోను కాల్ కుదుర్చుకోండి, అరగంట చాలు. పల్లిపాడు, మైనంపాడుల్లోని ఉపాధ్యాయ శిక్షణ సంస్థలైన డైట్‌ల నుంచి బోధనాభ్యాసానికి వచ్చే ఛాత్రోపాధ్యాయులు మీ బడికి వస్తే వాళ్లతో పాఠాలు చెప్పించడమే కాకుండా మీరు బహుళ తరగతులను ఎలా నడుపుతున్నారో గమనించి రాయమనండి. మీకు అలవాటైపోయి కనిపించనివి వాళ్లకు వింతగా కనిపిస్తాయి. ఒకటో తరగతి పిల్లలు ఇసుకలో రాస్తుండగా నాలుగో తరగతికి లెక్కలు చెప్పే మీ ఏర్పాటు గురించి ఏ శిక్షణ పుస్తకంలోనూ అంత బాగా ఉండదు. 2017లో మొదలైన దీక్ష అనే ఆన్‌లైన్ వేదికలో తెలుగు పాఠాలు దొరుకుతాయి, అవి పిల్లలకు పనికొస్తాయి. మీకు కావలసింది మాట్లాడే మనిషి.

పదో తరగతి ఫలితాల సమీక్ష ప్రతిసారీ నిందలతో ముగుస్తోంది.

అమెరికా సైన్యం 1970లలో శిక్షణ తర్వాత సమీక్షకు నాలుగు ప్రశ్నల పద్ధతి వాడటం మొదలుపెట్టింది. ఏం జరగాలనుకున్నాం? ఏం జరిగింది? తేడా ఎందుకొచ్చింది? ఈసారి ఏం చేద్దాం? మన సమీక్షలు మొదటి ప్రశ్నను వదిలేసి "ఎవరి వల్ల?" దగ్గర మొదలవుతాయి. ఏడాది ఆరంభంలో ఏం అనుకున్నామో కాగితం మీద లేకపోతే నిజాయితీగా మాట్లాడటం కుదరదు. ఇంకొకటి, ఫలితాలొచ్చే దాకా ఆగవద్దు. పరీక్షలైన మర్నాడే, జ్ఞాపకాలు తాజాగా ఉన్నప్పుడు, మార్కుల భయం లేనప్పుడు కూర్చోండి.

పిల్లలను కూడా ఇందులో భాగం చేయవచ్చా?

తప్పకుండా. ఉలవపాడు పిల్లలు మామిడి తోటల పెద్దలను, మార్కాపురం పిల్లలు పలకలు చేసిన తాతలను ప్రశ్నలడిగి రాస్తే బడికి ఒక ఊరి పుస్తకం తయారవుతుంది. ఏటా ఏడో తరగతి దాన్ని సరిచూసి కొత్త పేజీలు కలపాలి.

## సంస్థల్లో, సంఘాల్లో

మేం రొయ్యల రైతులం. మాకు తెలిసింది పక్క చెరువువాళ్లకు చెబితే పోటీ పెంచుకున్నట్టు కాదా?

ధర విషయంలో మీరు పోటీదారులు. నీటి విషయంలో కాదు, ఎందుకంటే ఒకరు వదిలిన నీటినే ఇంకొకరు తోడుకుంటారు. 1994-95లో తెల్లమచ్చ వ్యాధి కోస్తాలో టైగర్ రొయ్యను తుడిచిపెట్టినప్పుడు గట్లు దానికి అడ్డురాలేదు. 2009లో అనుమతి వచ్చాక వనామీ అనే రొయ్య రకానికి మారినా ఆ వైరస్ భయం పోలేదు. వ్యాధి వచ్చిన చెరువువాడు పరువు పోతుందని దాచిపెట్టి, రాత్రికి రాత్రి రొయ్యలన్నీ పట్టేసి ఆ నీటిని శుద్ధి చేయకుండా కాలవలోకి వదిలితే కింది చెరువులన్నీ మునుగుతాయి.

కాబట్టి రెండు డబ్బాలు పెట్టుకోండి. ఎవరికి అమ్మాం, ఎంతకు అమ్మాం, మేత ఎక్కడ చౌకగా దొరికింది అన్నవి మీ సొంతం. వ్యాధి లక్షణాలు, పీసీఆర్ (వైరస్ ఉందో లేదో తేల్చే) పరీక్ష ఫలితం, నీరు వదిలే రోజు, బ్లీచింగ్ చేశారా లేదా అన్నవి మాత్రం కాలవ మీద ఉన్న అందరికీ తెలియాలి. వ్యాధి చెప్పినవాడిని ఎగతాళి చేయబోమని సంఘంలో ముందే తీర్మానం రాసుకోండి. అది లేకుండా ఎవరూ నిజం చెప్పరు.

ఎగుమతి ఆడిట్‌లో సంస్థాగత జ్ఞానం గురించి అడిగారు. ఏం చూపాలి?

ఐఎస్ఓ 9001 అనే అంతర్జాతీయ నాణ్యతా ప్రమాణం 2015 కూర్పులో 7.1.6 అంశం అది. పనికి అవసరమైన జ్ఞానమేమిటో గుర్తించాలి, నిలుపుకోవాలి, కావలసినవారికి అందుబాటులో ఉంచాలి అంటుంది. ఫలానా సాఫ్ట్‌వేర్ ఉండాలని అనదు. కీలక పనుల జాబితా, ఒక్కో పని తెలిసిన కనీసం ఇద్దరి పేర్లు, కొత్తవారికి నేర్పిన నమోదు, పొరపాట్ల నుంచి మార్చుకున్న పద్ధతుల కాగితాలు చూపవచ్చు. 2018లో జ్ఞాన నిర్వహణకే ప్రత్యేకంగా ఐఎస్ఓ 30401 వచ్చింది. చిన్న యూనిట్లు దాని వెంటపడాల్సిన అవసరం లేదు.

మాది ప్రభుత్వ కార్యాలయం. ఇవన్నీ రాస్తే సమాచార హక్కు దరఖాస్తులు పెరుగుతాయేమో?

2005 నాటి చట్టంలోని 4వ సెక్షన్ రికార్డులకు జాబితా, సూచిక పెట్టమంటుంది. నిర్ణయాలు తీసుకునే పద్ధతితో సహా 17 రకాల సమాచారాన్ని అడగకముందే ప్రకటించమంటుంది. అంటే ఈ పనిలో కొంత మీరు ఎటూ చేయవలసినదే. పద్ధతి గోడ మీద కనిపిస్తే దాని కోసం దరఖాస్తు పెట్టే అవసరం తగ్గుతుంది.

## నిలబెట్టేటప్పుడు

మొదట ఉత్సాహంగా రాశాం. మూడు నెలలకు ఆగిపోయింది. ఎందుకు?

రాసినదాన్ని ఎవరూ వాడకపోవడం వల్ల. రాయమని ఒత్తిడి పెంచితే పని జరగదు, వాడే సందర్భాలు పెంచాలి. ఎవరైనా సందేహం అడిగితే నోటితో జవాబు చెప్పేముందు "ఫోల్డరులో చూశారా?" అనండి. అక్కడ లేకపోతే ఇద్దరూ కలిసి అప్పుడే రాయండి. ఉన్నది తప్పైతే అప్పుడే దిద్దండి. వేరుగా "రచనా దినం" పెట్టుకున్న సంస్థల్లో ఆ దినం ఏదో ఒక అత్యవసరం కింద రద్దవుతూనే ఉంటుంది.

హెచ్‌ఎం బదిలీలో చార్జి ఇచ్చే రోజు కుర్చీలు, బీరువాలే లెక్కపెడతారు. ఇంకేం చేర్చాలి?

సగంలో ఉన్న పనుల జాబితా: ఏది ఎవరి దగ్గర ఆగింది, ఎందుకు ఆగింది. గ్రామంలో బడికి సాయపడేవారు, సాయపడతామని మాటిచ్చినవారు. ప్రయత్నించి వదిలేసిన పనులు, వాటి కారణాలు. ఈ చివరిది లేకనే కొత్త హెచ్‌ఎం వచ్చిన ప్రతిసారీ పాత ప్రయోగాన్నే కొత్త పేరుతో మొదలుపెడతారు. వీలైతే ఇద్దరూ కలిసి ఒక పూట ఊళ్లో తిరగాలి.

పాతబడిన కాగితాలు తీసేయాలా?

వాడుక ఫోల్డరు నుంచి తీసి "పాతవి" అన్న ఫోల్డరులో పెట్టండి, చెరపవద్దు. ప్రతి పేజీకి "చివరగా సరిచూసిన తేదీ" ఉండాలి. రెండేళ్లుగా ఎవరూ సరిచూడని పేజీని నమ్మి పని చేయకండి.

ఇది పనిచేస్తోందని ఎలా తెలుసుకోవాలి?

ఎన్ని పేజీలు రాశారన్నది లెక్కలోకి రాదు. కొత్తగా చేరినవారు ఎన్నాళ్లకు ఒంటరిగా పని చేయగలిగారు? సెలవులో ఉన్నవారికి వెళ్లే ఫోన్లు తగ్గాయా? పోయిన ఏడాది చేసిన తప్పు ఈ ఏడాది మళ్లీ జరిగిందా? ఈ మూడూ గమనిస్తే చాలు.

కాగితాలన్నీ ఏఐకి ఇచ్చేస్తే అదే జవాబులు చెప్పదా?

మాటను రాతగా మార్చడానికి, పొడవైన రికార్డింగును కుదించడానికి అది బాగానే సాయపడుతుంది. తెలుగు మాటల్లో, ముఖ్యంగా ఊళ్ల పేర్లు, పనిముట్ల పేర్ల దగ్గర తప్పులు దొర్లుతాయి కాబట్టి చెప్పినవారికే చదివి వినిపించి సరిచేయాలి. కాగితంలో లేని కారణాన్ని అది కల్పించి ధీమాగా చెప్పే ప్రమాదమూ ఉంది. పిల్లల, ఉద్యోగుల వ్యక్తిగత వివరాలున్న ఫైళ్లను దానికి ఇవ్వవద్దు.

మా సంఘం పాత తీర్మానాల పుస్తకాలు, పాత పత్రికలు తూకానికి వేసేస్తామంటున్నారు. ఎవరికివ్వాలి?

ప్రభుత్వ రికార్డులైతే వాటిని ఎన్నాళ్లు ఉంచాలో నిబంధనలుంటాయి, పై అధికారి అనుమతి లేకుండా కదల్చకండి. సంఘానివి, ఇళ్లలోవి అయితే ముందు జాబితా రాయండి: పేరు, సంవత్సరాలు, పుస్తకాల సంఖ్య. 2022 దాకా ప్రకాశం జిల్లాలో ఉండి ఇప్పుడు బాపట్ల జిల్లాలో చేరిన వేటపాలెంలోని సారస్వత నికేతనం 1918లో పుట్టింది, 1929లో దాని భవనానికి గాంధీజీ శంకుస్థాపన చేశారు. పాత తెలుగు పత్రికల కోసం పరిశోధకులు నేటికీ అక్కడికి వస్తారు. అలాంటి గ్రంథాలయానికి జాబితా పంపి, తీసుకుంటారో లేదో అడిగి, ఆ తర్వాతే మోసుకెళ్లండి. ఇచ్చేముందు మీ ఊరికి సంబంధించిన పేజీల ఫోటోలు తీసి ఉంచుకోండి. చిరిగినవాటికి సెల్లోటేపు అంటించవద్దు, లామినేషన్ చేయించవద్దు. పలచని నూలుగుడ్డలో చుట్టి, అట్టపెట్టెలో పరుండబెట్టి తీసుకెళితే చాలు.